సముద్రానికి పులితేన్పులు

మా సోడా పెదనాయన పోయిన సంగతి పెద్దమ్మే ఫోన్ చేసి చెప్పింది. ఉపాధ్యాయుల శిక్షణ కోసం రెండు రోజులుగా నేను ఒంగోలులో ఉన్నాను. "అమ్మాయ్, మీ పెదనాయన పోయినాడు. పొద్దున కాఫీ తాగినాడు, గ్లాసు కింద పెట్టినాడు, గోడకి ఆనుకున్నాడు, అంతే. నువ్వు ఉరుకులాడి రావద్దు. సీటు దొరికే బస్సు చూసుకుని రా" అంది. అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి పోయిన గంటకే నా బస్సు సీటు గురించి ఆలోచించిన ఆమెను తలుచుకుంటే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ ఇంటి పద్ధతే అంత.

పక్కన కూర్చున్న టీచరు ఎవరు పోయారని అడిగింది. పెదనాయన అన్నాను. సొంత పెదనాయనా అంది. కాదు, మా వీధిలో సోడాలు చేసే పెద్దాయన అన్నాను. "ఓ, తెలిసినాయనా" అని ఆమె మళ్ళీ నోట్సులో పడింది. తప్పు ఆమెది కాదు, ఆమెది మా ఊరు కాదు. మార్కాపురంలో వరసకి రక్తం అక్కర్లేదు, పిలుపు చాలు. ఆ పిలుపుతోనే నేను పలక పట్టుకున్న రోజు నుంచి తల నెరిసేదాకా ఆయన దుకాణం ముందు నుంచి నడిచాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరు మా వీధిలో ఎవరూ వాడలేదు. నేనైతే కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా చూడలేదు. పెద్దవాళ్ళకు సోడా అన్న, మాకు సోడా పెదనాయన, మా పిల్లలకు సోడా తాత. మీలో మార్కాపురం మీదుగా ఎప్పుడైనా వెళ్ళినవాళ్ళుంటే, ఆయన చేతి సోడా తాగే ఉంటారు.

వాళ్ళది వ్యాపారస్తుల కుటుంబం. అన్నదమ్ములు బజారులో బట్టల దుకాణాల్లో పరుపుల మీద కూర్చుంటే, ఈయన ఒక్కడు తడి గోనెసంచుల మధ్య నిలబడ్డాడు. ఎందుకని అడిగితే, "బట్ట చూపిస్తే బేరమాడతారు, సోడా ఇస్తే తాగుతారు" అనేవాడు. దుకాణమంటే పది అడుగుల గది. మూలన గ్యాసు సిలిండరు, మధ్యలో చేత్తో తిప్పే మిషను. నీళ్ళు నింపిన గోలీ సీసాలను అందులో బిగించి, గ్యాసు వదిలి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పాలి. లోపలి ఒత్తిడికి గోలీ వచ్చి సీసా మూతికి అతుక్కుంటుంది. ఊళ్ళోకి కరెంటు మిషన్లు వచ్చాయి, రంగురంగుల ప్లాస్టిక్ సీసాలు వచ్చాయి. ఆయన పిడి వదల్లేదు. వదిలితే భుజం పట్టేస్తుందని ఆయనా, వదిలితే ఇంట్లో నా కొంగు పట్టుకుంటాడని పెద్దమ్మా చెప్పేవాళ్ళు.

నీళ్ళ విషయంలో ఆయనకున్న పట్టింపు పెళ్ళిసంబంధాలు చూసేవాళ్ళకు కూడా ఉండదు. మా వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడు సంగతి మీకు తెలిసిందే, మనిషి పళ్ళు చూసి ఊరు చెప్పవచ్చు. ఆయన ఊరి బయట ఒక పొలంలోని బావి నీళ్ళు తెప్పించి, ఇసుకలో పాతిన కుండల్లో పోసి, చుట్టూ తడి గోనెలు కప్పి చల్లార్చేవాడు. చల్లటి నీళ్ళు గ్యాసును పట్టుకుంటాయి, వేడి నీళ్ళు వదిలేస్తాయి, మనుషులు కూడా అంతేనని చెప్పి పెద్దమ్మ వైపు ఓరగా చూసేవాడు. పెద్దమ్మ వినపడనట్లు తమలపాకుకు సున్నం రాసుకునేది.

ఇక దుకాణం ముందు బెంచీ మీద చేరి గొప్పలు చెప్పుకునేవాళ్ళకు ఆయన దగ్గర ఒకటే మందు. "నాయనా, గ్యాసు నా దగ్గర సిలిండరు నిండా ఉంది, నువ్వు కూడా మొయ్యాల్సిన పన్లేదు" అనేవాడు. ఆ మాట పడని పెద్దమనిషి మా వీధిలో లేడు. మొదటిసారి జీతం తీసుకున్న రోజు నేనూ పడ్డాను.

ఇంత నవ్వించిన మనిషిని ఒకసారి నేను నాలుగు రోజులు నవ్వకుండా చేశాను. ఈ నాలుగు మాటలు రాయడానికి అసలు కారణం అదే.

నేను సైన్సు టీచర్ని. తర్లుపాడు వైపు ఒక బళ్ళో పనిచేస్తాను. రెండేళ్ళ కిందట తొమ్మిదో తరగతికి ఆమ్లాలు, క్షారాలు చెబుతున్నాను. పుస్తకంలో ఉన్నది చదివితే పిల్లలు ఆవులిస్తారు కదా, అందుకని మా పెరటి శంఖుపువ్వులు నాలుగు నీళ్ళలో మరిగించి, ఆ నీలం నీళ్ళు ఒక గాజు గ్లాసులో తీసుకుపోయాను. చేతిలో పెదనాయన సోడా ఒకటి. గ్లాసులో సోడా పొయ్యగానే నీలం కాస్తా ఊదారంగుకు తిరిగింది. పిల్లలు బెంచీలెక్కారు.

ఆ ఉత్సాహంలో సముద్రం సంగతి ఎత్తుకున్నాను. లారీలు, ఫ్యాక్టరీలు, బట్టీలు వదిలే పొగలో ఉండేదీ ఈ సోడాలో ఉండేదీ ఒకే గ్యాసు అన్నాను. గాల్లోకి పోయినదాంట్లో కొంత సముద్రం తాగేస్తుంది, తాగి తాగి సముద్రం నీళ్ళు పులుపు వైపు నడుస్తున్నాయి, శంఖాలు, ఆల్చిప్పలు, పగడాలు తమ గుల్లలు కట్టుకోలేక అవస్థ పడుతున్నాయి అని చెప్పాను. అంతవరకు బాగానే ఉంది. గంట కొట్టబోతుండగా సీసా పైకెత్తి, "చూశారా, సముద్రాన్ని పాడుచేస్తున్నది ఈ గ్యాసే" అన్నాను. టీచర్లు గంట కొట్టే ముందు మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా ఉండాలని నాకు ఆ రోజు తెలిసింది.

ముందు బెంచీ అమ్మాయి ఇంటికి పోయి వాళ్ళ తాతకు చెప్పింది. ఆ తాత ప్రతి శనివారం మార్కాపురం వచ్చి, పని చూసుకుని, పెదనాయన దగ్గర ఒక సోడా తాగి, తేన్చి, బస్సెక్కే మనిషి. ఆ శనివారం ఆయన దుకాణం ముందుకొచ్చి, సోడా అడగకుండా, మీ సోడా గ్యాసుకు సముద్రమే చెడిపోతుందంటే నా పేగులొక లెక్కా అని చెప్పి పోయాడట. అది విన్న పక్క దుకాణం దర్జీ ఇంకొకరికి చెప్పాడు. మూడో రోజుకు అది, సోడా పెద్దాయన సిలిండరు వల్ల సముద్రంలో నత్తలు చచ్చిపోతున్నాయట అనే దాకా పోయింది. కొనకనమిట్ల వైపు పెళ్ళివాళ్ళెవరో చెప్పిపెట్టిన సోడాలు వద్దని కబురు పెట్టారు. అన్నిటికీ చివర ఒకటే మాట, "సైన్సు టీచరమ్మే చెప్పిందంట."

నాకు ఇదేమీ తెలియదు. నాలుగో రోజు బడి నుంచి వస్తూ చూస్తే మిషను ఆగి ఉంది. వాన కురిసినా, పండగొచ్చినా ఆ వేళకు తిరుగుతుండే మిషను. ఆయన దాని పక్కనే స్టూలు మీద కూర్చుని సీసాలు ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచినవే తుడుస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"అమ్మాయ్, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. నా సోడా చెడ్డదని పిలకాయలకి చెప్పినావంట. నిజమేనా?"

ఆయన గొంతులో నిష్ఠూరం ఉంటే దెబ్బలాడేదాన్ని. లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాడు. వయసంతా ఒక పని చేసిన మనిషి, ఆ పనిలో కీడు ఉందా అని నన్ను అడుగుతున్నాడు. నేను క్షమించమని ఏదో మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డంపెట్టి, ముందు ఆ పాఠమేందో నాకూ చెప్పు అన్నాడు.

బెంచీ మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. సముద్రం ఇప్పటికీ నిమ్మరసంలా పుల్లగా ఏమీ కాలేదు, దానికున్న క్షారగుణం కొంచెం కొంచెం తగ్గుతోంది అన్నాను. అంటే జ్వరం రాలేదు, ఒళ్ళు వెచ్చబడిందా అన్నాడు. అవునన్నాను. గుల్లకు కావలసిన సరుకు నీళ్ళలోనే కరిగి ఉంటుంది, ఈ గ్యాసు ఎక్కువైతే ఆ సరుకు ఆ జీవులకు అందకుండా పోతుంది అన్నాను. మేస్త్రీ ఉన్నాడు, సిమెంటు లేదన్నమాట అన్నాడు. చివరికి, సముద్రానికి పులితేన్పులు పట్టుకున్నాయని సూటిగా చెప్పరాదా అన్నాడు. నేను డిగ్రీలో మూడేళ్ళు, బళ్ళో ఇరవై ఏళ్ళు చదివి చెప్పినదాన్ని ఆయన ఒక్క మాటలో కట్టేశాడు.

సీసా ఒకటి చేతిలో తిప్పుతూ, "నత్తకి గుల్లే గదా ఇల్లు" అన్నాడు. "మనం ఎవురన్నా చెడిపోతే ఇల్లు గుల్లైందంటాం. గుల్లే ఇల్లయినోడికి, ఆ గుల్ల గుల్లయితే ఏం చేస్తాడమ్మా?"

నా జవాబు కోసం ఆగకుండా లేచి, రేపు మీ బడికి నేనూ వస్తానన్నాడు.

మా హెడ్మాస్టరు మొదట ఒప్పుకోలేదు. సీసా పేలితే ఎవరు జవాబు చెబుతారని భయం. పెదనాయన ఆయనకొక సోడా కొట్టి చేతికిచ్చాడు, అంతటితో ఆ సంగతి తేలిపోయింది. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె, చేతిసంచిలో నాలుగు సీసాలు, పెద్దమ్మ సున్నం డబ్బీ. తొమ్మిదో తరగతి గదిలోకి పెళ్ళికొడుకు వచ్చినట్లు వచ్చాడు.

సోడా తాగితే ఏమొస్తుందని పిల్లల్ని అడిగాడు. ఆయనే ఒక సీసా గడగడా తాగి, రెండు నిమిషాలు ఆగి, గది అదిరేలా తేన్చాడు. పక్క తరగతి పిల్లలు కూడా కిటికీల దగ్గరికొచ్చారు. నవ్వులు సద్దుమణిగాక అన్నాడు, "చూసినారా, నా కడుపులో గ్యాసు బయటికొచ్చేసింది. నాకేం బాధ లేదు. సముద్రం కూడా తాగుతానే ఉంది, మనం వదిలిందంతా. దానికి మన మాదిరి తేన్పు బయటికి రాదు, పాపం. లోపలే పులుస్తుంది."

సైన్సు ప్రకారం ఆ మాటకు ఒకటి రెండు సవరణలున్నాయి. వేడి సముద్రాలు కొంత గ్యాసును వదులుతాయి కూడా, అయినా మొత్తం మీద లోపలికి పోయేదే ఎక్కువ. కానీ ఆ రోజు నేను నోరు మూసుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. పక్క తరగతి పిల్లలు కూడా వచ్చి వినే సైన్సు పీరియడు నేను మొదటిసారి చూస్తున్నాను.

తరువాత శంఖుపువ్వు నీళ్ళలో సోడా పోయించాడు, ఊదారంగు వచ్చింది. సున్నం డబ్బీ తీసి, సున్నపు తేట కొంచెం కొంచెంగా కలిపాడు. రంగు మళ్ళీ నీలానికి తిరిగింది. కడుపులో పులుపెక్కితే పాతకాలం వాళ్ళు సున్నపు తేట తాగింది ఇందుకేనన్నాడు. మరి సముద్రంలో కూడా సున్నం కలపొచ్చు కదా అని ఒక పిల్లవాడు అడిగాడు. పెదనాయన నా వైపు చూశాడు. అట్లాంటి ప్రయత్నాలు ప్రపంచంలో జరుగుతున్నాయి గానీ, అంత సున్నం కాల్చడానికి బట్టీలు పెడితే ఆ పొగ కూడా గాల్లోకే కదా పోయేది అన్నాను. "అయితే మందు నూరడానికే జబ్బు పెంచాల" అని ఆయన తల గోక్కున్నాడు.

అప్పుడు ముందు బెంచీ అమ్మాయి లేచింది. ఎవరి తాత సోడా మానేశాడో ఆ అమ్మాయే. చేతులు కట్టుకుని నెమ్మదిగా అడిగింది, "తాతా, మీ సోడాలో గ్యాసు కూడా చివరికి గాల్లోకే గదా పోయేది?"

నేను లేచి ఏదో సర్దిచెప్పబోయాను. సోడాలో వాడే గ్యాసు ఎంతని, లారీల ముందు అదెంతని చెప్పవచ్చు. అదీ నిజమే. పెదనాయన నన్ను కూర్చోమని సైగ చేశాడు. తన పేరు నిలబెట్టుకోవడానికి వచ్చిన మనిషి, అంతమంది పిల్లల ముందు, ఒక్క అబద్ధం ఆడితే గట్టెక్కే చోట నిలబడి ఉన్నాడు.

"పోతుందమ్మా" అన్నాడు. "నేను అబద్ధం చెప్పను. నాది గుక్కెడే. కానీ లోకంలో అందరూ పోసేది గుక్కెడు గుక్కెడే గదా."

పెద్దవాళ్ళు పిల్లల ముందు నిలబడి నాదీ ఉంది అని ఒప్పుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. నేనూ ఎప్పుడూ ఒప్పుకోలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగితే చాక్‌పీసు పొడి పడిందని తుడుచుకున్నాను.

ఆ శనివారం తర్లుపాడు తాత వచ్చాడు. నీడలో బెంచీ ఉన్నా కూర్చోకుండా, నడివీధిలో ఎండలో నిలబడి, పోయేవాళ్ళందరికీ కనిపించేటట్లు రెండు సోడాలు తాగాడు. మా మనవరాలు నీ మాట నిజమని చెప్పింది, అబద్ధం చెప్పని వాడి సోడా తాగొచ్చు అన్నాడట. ఒక మాట వల్ల పోయిన పేరు ఇంకో మాట వల్ల తిరిగొచ్చింది. మిషను మళ్ళీ తిరిగింది.

దుకాణం గొడవ తీరింది గానీ ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఆయన్ని వదల్లేదు. నా చేతి వల్ల ఎవరికన్నా కీడు జరుగుతోందా అనేది ఆయన లోపల మెల్లగా తిరుగుతూనే ఉంది. సిలిండరు దగ్గర ఎన్నో ఏళ్ళుగా సుయ్‌మని గ్యాసు కారే చోటొకటి ఉండేది. అది దుకాణం చప్పుళ్ళలో ఒకటని అందరం అలవాటు పడ్డాం. ఒకరోజు పనిమంతుణ్ణి పిలిపించి, వాషరు మార్పించి, నన్ను కేకేసి వినమన్నాడు. ఏమీ వినపడటం లేదన్నాను. అదే వినమంటున్నాను, సముద్రానికి ఒక గుక్క తగ్గించినా అన్నాడు. వీధిలో అందరూ దీన్ని నెల రోజులు చెప్పుకుని నవ్వారు. ఆయన వాళ్ళకంటే ఎక్కువ నవ్వాడు, వాషరు మాత్రం మళ్ళీ వదులు కానివ్వలేదు.

వానలకు పొలం గట్ల మీద దొరికే ఖాళీ నత్తగుల్ల ఒకటి, బాగా చిన్నది, సీసా మెడలోంచి లోపలికి జారవిడిచి దానికి రోజూ కొత్త నీళ్ళతో గ్యాసు పట్టించేవాడు. కొన్ని వారాలకు అది సున్నితంగా, తెల్లటి పల్చటి కాగితంలా అయిపోయింది. వచ్చినవాళ్ళకు సోడా ఇచ్చి, ఆ సీసా వెలుగుకు పట్టి చూపించేవాడు. ఇది గట్టి సోడా కాబట్టి తొందరగా అయ్యింది, సముద్రంలో ఇంత తొందరగా కాదు అని నేను నేర్పిన మాట కూడా మర్చిపోకుండా చెప్పేవాడు. సోడాలో కొలత తప్పనివాడు మాటలో కూడా తప్పలేదు.

ఒకసారి నేను బడికి పోతుంటే ఆపి, చల్లటి సముద్రాలకే ముందు ఇబ్బంది వస్తుంది గదా అన్నాడు. ఆ సంగతి మా పాఠ్యపుస్తకంలో లేదు. ధ్రువాల దగ్గరి చన్నీళ్ళ సముద్రాల్లో ఈ మార్పు ముందుగా తెలుస్తోందనీ, అక్కడ రెక్కలతో ఈదే చిన్నచిన్న నత్తలుంటాయనీ, వాటి పల్చటి గుల్లలు దెబ్బతింటున్నాయనీ నేను ఎక్కడో చదివాను. నీకెవరు చెప్పారు పెదనాయనా అంటే కుండల మీది తడి గోనె చూపించాడు. మంచు సముద్రాలు చూడకుండానే, మార్కాపురం ఎండలో నిలబడి, సోడా చేసే చేత్తో దాన్ని కనిపెట్టాడు. ఆ రోజు బళ్ళో నేను పాఠం కాస్త తక్కువ గర్వంగా చెప్పాను.

సముద్రం మనకెందుకులే, ఇక్కడ తాగడానికే నీళ్ళు లేవు అని ఎవరన్నా అంటే ఆయనకు నచ్చేది కాదు. మార్కాపురం గనుల్లో మనం తవ్వే పలకరాయి కూడా ఏనాటి సముద్రం అడుగునో పేరుకున్న బురదేనని నేనొకసారి చెప్పాను. ఆయన ఇంట్లోకి పోయి పాత పలక ఒకటి తెచ్చి, అటూ ఇటూ తిప్పి, వాసన చూశాడు. "అయితే మనం సముద్రం లేని ఊరోళ్ళం కాదు" అన్నాడు. "సముద్రం ఖాళీ చేసిపోయిన ఇంట్లో ఉంటున్నాం."

అప్పట్నుంచి ఒంగోలు, చీరాల వైపు నుంచి ఎవరొచ్చినా, ఆసుపత్రిలో ఉన్న చుట్టం గురించి అడిగినట్లు సముద్రం ఎట్లుందని అడిగేవాడు. ఐసుపెట్టెల్లో చేపలు తెచ్చే ఆమెను ఆపి ఆల్చిప్పలు ఎట్లున్నాయి, పీతలు గట్టిగా ఉన్నాయా అని ఆరా తీసేవాడు. తినేది లేదు కొనేది లేదు, నీకెందుకు సామీ అని ఆమె విసుక్కునేది. రాచర్లలో మా ఆడబిడ్డ ఇంటికి ఒక శుభకార్యానికి వచ్చి, ఆ ఊరి కూడలిలో గొర్రెలు కాసేవాళ్ళను కూడా పోగేసుకుని సముద్రం కడుపు సంగతి చెబుతుంటే, భోజనాలకు పిలవడానికి నేనే పోవాల్సి వచ్చింది. ఇంత మాట్లాడే మనిషి సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడే నాకు తట్టింది.

మొన్న చలికాలంలో మా బడి పిల్లల్ని సముద్రం చూపించడానికి కొత్తపట్నం తీసుకుపోయాం. పెదనాయననీ పెద్దమ్మనీ బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టాను. దారంతా పిల్లలు పాటలు పాడారు, పెద్దమ్మ ఆకు నములుతూ తాళం వేసింది. ఆయన మాత్రం కిటికీలోంచి చూస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. ఒంట్లో బాగాలేదేమోనని అడిగాను. బాగానే ఉంది, తప్పు చేసినోడు పంచాయితీకి పోతున్నట్లుందమ్మా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

నీళ్ళు కనపడగానే పిల్లలు చెప్పులు విడిచి పరుగెత్తారు. ఆయన పంచె ఎగ్గట్టి, ఇసుకలో ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పోయి, అల వచ్చి పాదాలు తడిపేదాకా నిలబడి, తడిసిన తరువాత చాలాసేపు అక్కడే ఉన్నాడు. నేను కదిలించలేదు. పెద్దమ్మ ఇసుకలో కూర్చుని, ఇంత నీళ్ళు పెట్టుకుని ఉప్పుచేసి పెట్టినాడే దేవుడు అని మా బోర్లను తలుచుకుంది.

బయల్దేరే వేళకు పిల్లల జేబుల నిండా, టిఫిన్ డబ్బాల నిండా గుల్లలు. పెదనాయన బస్సు మెట్టు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ ఆపి, ఒక్కొక్క గుల్లా చెవి దగ్గర కాదు, కంటి దగ్గర పెట్టుకుని లోపలికి చూశాడు. రెండింటిలో చిన్న పీతలు కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి. అవి వేరేవాళ్ళ గుల్లల్లో కాపురం ఉండే పీతలని నేను చెప్పాను. అంతే, ఖాళీవి కూడా ఇచ్చెయ్యమన్నాడు. ఖాళీవే కదా తాతా అని పిల్లలు గొడవపెట్టారు. "ఖాళీ ఇల్లు చూసుకుని ఎవరో ఒకరు బాడుగకి వస్తారు. కట్టుకోవడం కష్టమైన కాలం గదా నాయనా, కట్టిన ఇల్లు మనం ఎత్తుకుపోవద్దు" అన్నాడు. ముందు బెంచీ అమ్మాయి మొదట తన జేబు ఖాళీ చేసింది. తరువాత అందరూ ఆయన తువ్వాల్లో పోశారు.

ఆ మూట పట్టుకుని ఆయన మళ్ళీ నీళ్ళ వైపు నడిచాడు. నేనూ వెంట పోయాను. మోకాళ్ళ లోతులో నిలబడి గుల్లలు నాలుగు నాలుగుగా నీళ్ళలో వదులుతున్నాడు. అన్నాళ్ళుగా చెప్పకుండా దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "పెదనాయనా, ఆ రోజు నేను ఆలోచించకుండా మాట్లాడినా. నీ పేరు చెడగొట్టినా. నన్ను క్షమించు" అన్నాను.

ఆయన చేతిలో ఉన్నవి వదిలి, నా వైపు తిరిగాడు. "నువ్వు ఆ మాట అనకపోయింటే నేను ఈడికి వచ్చేవాణ్ణా అమ్మాయ్? సీసాల్లో నీళ్ళు చూసుకుంటానే పోయేవాణ్ణి."

బస్సు హారన్ కొట్టింది. పెద్దమ్మ చెయ్యి ఊపుతోంది. తువ్వాలు నీళ్ళలో జాడించి భుజాన వేసుకున్నాడు. ఇంతసేపు ఏం మాట్లాడావు సముద్రంతో, తప్పయిందని చెప్పావా అని అడిగాను. అదేమీ లేదు, ఎట్లున్నావని అడిగినా అన్నాడు. మరి ఏమందంటే, దానికి తీరికేదమ్మా, పనిలో ఉంది అన్నాడు.

నేను ముందు నడిచాను. పిల్లలు బస్సు కిటికీల్లోంచి నవ్వుతూ కేకలు వేస్తుంటే వెనక్కి చూశాను. గర్భగుడిలోంచి వచ్చేటప్పుడు దేవుడికి వీపు చూపించకుండా వస్తాం చూడండి, అట్లా ఆయన రెండు చేతులూ జోడించి, ముఖం సముద్రం వైపే ఉంచి, ఇసుకలో తడబడుతూ, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ బస్సు వైపు వస్తున్నాడు.